మూడో డోసు ఎవరి బాధ్యత? హౌస్ సర్జన్ల టీకాలపై బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని మెడికల్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, బోధనాసుపత్రుల సూపరింటెండెంట్లకు, రాష్ట్ర వైద్య విద్య డైరెక్టర్ గారికి,

నమస్కారం.

హౌస్ సర్జన్లకు, అంటే ఎంబీబీఎస్ చదువు ముగించి ఏడాది ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లకు, రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వంటి జబ్బుల టీకాలు పూర్తిగా వేయించాలని ఇంతకుముందు రెండుసార్లు రాతపూర్వకంగా విన్నవించుకున్నాం. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. అంతకు మించి జవాబు లేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం. ఏ కాలేజీనీ, ఏ అధికారినీ పేరు పెట్టి వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. ఈ లోపం ఒక్కచోటిదే అయితే పేరు పెట్టి రాసేవాళ్లమేమో.

పెద్దాసుపత్రి వార్డులో రక్తం తీసేది, క్యాజువాల్టీలో కుట్లు వేసేది, అర్ధరాత్రి లేబర్ రూములో చేతులు నెత్తురు చేసుకునేది ఎక్కువగా హౌస్ సర్జన్లు, పీజీలు. వీళ్లలో ఎంతమంది హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తి చేశారు, ఎంతమందికి రక్షణ వచ్చిందని తేలింది అని అడిగితే చూపించడానికి ఒక రిజిస్టరు ఉండదు. పసిపిల్లల టీకాల పట్టిక మాత్రం ప్రతి విద్యార్థికీ నోటికొచ్చు. పుట్టగానే బీసీజీ, ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా), తొమ్మిది నెలలు నిండాక ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) అని గడగడా చెప్పేస్తారు. వైవాలో, అంటే నోటి పరీక్షలో, అడుగుతారు కాబట్టి వచ్చు. "మరి నీకేమేం పడ్డాయమ్మా?" అని అడిగే ఎగ్జామినరు లేడు కాబట్టి అది తెలియదు.

దీనివల్ల జరుగుతున్నదేమిటో, జరగబోయేదేమిటో వరసగా చెబుతాం.

1. "చిన్నప్పుడు మా అమ్మ అన్నీ వేయించింది" అన్నది విద్యార్థుల నోట తరచూ వినిపించే మాట. అమ్మ అబద్ధం చెప్పలేదు. అప్పట్లో ప్రభుత్వం ఇచ్చినవన్నీ వేయించింది. కానీ ఆ 'అన్నీ'లో హెపటైటిస్ బి లేదు. దేశంలో ఆ టీకాను 2002-03లో కొన్ని నగరాల్లో, జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 10 రాష్ట్రాలకు 2007-08లో తెచ్చారు. దేశమంతటికీ 2011లో చేరింది. అంటే ఇప్పుడు హౌస్ సర్జన్లుగా, పీజీలుగా ఉన్నవాళ్లు పుట్టేనాటికి ఉదయగిరిలోనో, పొదిలిలోనో సబ్‌సెంటరుకు పోయి వేయించుకున్న పిల్లలకు ఈ టీకా పడే అవకాశం దాదాపు లేదు. ప్రైవేటు డాక్టరు దగ్గర డబ్బు పెట్టి వేయించుకున్నవాళ్లకే పడింది. తట్టు టీకా కూడా వాళ్ల బాల్యంలో తొమ్మిదో నెలలో ఒక్క డోసే. రెండో డోసు మన దేశంలో 2010లో మొదలైంది. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు ఎంఆర్ టీకాలు వేసే కార్యక్రమం జరిగింది కనుక చిన్న బ్యాచ్‌లకు కొంత నయం. అప్పటికే ఆ వయసు దాటిన పీజీలకు అదీ లేదు. ఆటలమ్మ టీకా సంగతి సరేసరి. అది ప్రభుత్వ పట్టికలో ఎప్పుడూ లేదు.

2. హెపటైటిస్ బి టీకా అసలు వేయడం లేదని మేం అనడం లేదు. మొదలుపెడతారు. మొదటి డోసు రోజు బ్యానరు కడతారు, ఫొటోలు దిగుతారు. నెల రోజులకు రెండో డోసుకు సగం మంది వస్తే గొప్ప. ఆరో నెలలో మూడో డోసు నాటికి ఆ బ్యాచ్ ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పోస్టింగులో ఉందో, జాబితా రాసిన గుమస్తా ఏ సెక్షనుకు మారాడో ఎవరికీ పట్టదు. మూడు డోసులు అంటే మూడు పిలుపులు. మొదటి పిలుపు మాత్రం ఆఫీసుది, మిగతా రెండూ విద్యార్థి జ్ఞాపకశక్తికి వదిలేశారు.

వేసే తీరులోనూ తప్పులున్నాయి. అవి చిన్నవి కావు.

పెద్దవాళ్లకు డోసు 20 మైక్రోగ్రాములు, అంటే 1 మిల్లీలీటరు. పిల్లల కార్యక్రమానికి వచ్చే వయల్‌లో (మందు సీసాలో) ఒక డోసు 0.5 మిల్లీలీటరు, 10 మైక్రోగ్రాములే. 'పది డోసులు' అని రాసి ఉన్న ఆ వయల్‌ను తెచ్చి పదిమంది హౌస్ సర్జన్లకు పంచితే పదిమందికీ సగం డోసే పడుతుంది. రిజిస్టరులో మాత్రం పూర్తయినట్టు ఉంటుంది.

సూది భుజం కండలో, డెల్టాయిడ్‌లో పడాలి. పిరుదుకు వేస్తే మందు కొవ్వులో ఆగిపోయి రక్షణ సరిగా రాదు.

టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి కంటే దీనికి గడ్డకట్టడమే పెద్ద శత్రువు. సున్నాకు అర డిగ్రీ కింద గడ్డకడుతుంది. అలా అయితే అందులోని అల్యూమినియం లవణం ముద్దకట్టి మందు పనికిరాకుండా పోతుంది. డ్యూటీ రూములో పాలప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు పెట్టుకునే ఇంటి ఫ్రిజ్‌లో ఫ్రీజరు అర కిందనే ఆనించి పెడితే జరిగేది ఇదే. అనుమానం వస్తే షేక్ టెస్ట్ చేయాలి: అదే బ్యాచ్ వయల్‌ను ఒకదాన్ని కావాలని గడ్డకట్టించి, కరిగించి, రెండు వయల్స్‌నూ ఒకేసారి ఊపి పక్కపక్కన పెట్టి చూడాలి. అనుమానమున్నది గడ్డకట్టించినదానంత వేగంగా అడుక్కు దిగితే పారేయాలి. నెల్లూరు, ఒంగోలు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, కరెంటు కోతలు కొత్త కాదు. టీకా ఉండాల్సింది ఫార్మసీలో జనరేటర్ లైను ఉన్న ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటరులో. రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత రాసే మనిషి ఉండాలి.

మధ్యలో ఆగిపోయిన వాళ్లకు మళ్లీ మొదటి నుంచి వేయాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. ఆగిన చోటి నుంచి కొనసాగిస్తే చాలు. రెండో, మూడో డోసుల మధ్య కనీసం 8 వారాలు, మొదటిదానికీ మూడోదానికీ మధ్య కనీసం 16 వారాలు ఉండేలా చూసుకోవాలి. ఈ ఒక్క మాట తెలియకే "ఎప్పుడో వదిలేశాం, ఇంకెందుకులే" అని కూర్చున్నవాళ్లున్నారు.

ఇక టైటర్ పరీక్ష. మూడో డోసు పడిన నెల, రెండు నెలల మధ్య రక్తంలో యాంటీ హెచ్‌బీఎస్ (హెపటైటిస్ బిని అడ్డుకునే యాంటీబాడీ) ఎంతుందో చూడాలి. మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ వచ్చినట్టే. ఆ కాగితం జాగ్రత్తగా దాచుకుంటే తర్వాత బూస్టర్లు అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్లలో నూటికి 90 మందికి పైగా రక్షణ వస్తుంది. రాని కొద్దిమంది ఎవరో తెలియాలంటే పరీక్ష చేయాల్సిందే. వాళ్లకు మరో మూడు డోసులు వేసి మళ్లీ చూడాలి. అప్పటికీ రాకపోతే ఆ మనిషికి సూది గుచ్చుకున్నప్పుడు చేసే వైద్యం వేరు, కనుక ఆ సంగతి ముందే రాసి ఉండాలి. ఏళ్ల తర్వాత చేసిన పరీక్షలో 10 కంటే తక్కువ వస్తే రక్షణ అసలు రాలేదని తేల్చేయకూడదు. ఒక డోసు వేసి, నెల తర్వాత మళ్లీ చూస్తే తెలుస్తుంది.

3. రాత్రి రెండు గంటలకు సూది గుచ్చుకున్నప్పుడు ఏం జరుగుతోందో చూడండి. వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టబోతేనో, కదులుతున్న రోగికి కాన్యులా పెడుతుంటేనో, ట్రేలో వదిలేసిన సూచర్ సూది తగిలో గుచ్చుకుంటుంది. ఆ హౌస్ సర్జన్‌కు ముందుగా గుర్తొచ్చేది హెచ్‌ఐవీ. భయపడటం సహజమే. కానీ లెక్క చూస్తే, హెచ్‌ఐవీ ఉన్న రోగి సూది గుచ్చుకుంటే అది సోకే అవకాశం వెయ్యికి 3. హెపటైటిస్ సి నూటికి 2 లోపు. టీకా లేని మనిషికి హెపటైటిస్ బి అయితే నూటికి 6 నుంచి 30 దాకా. అన్నిటికంటే ఎక్కువగా సోకేది ఇదే, టీకా ఉన్నదీ దీనికే, మనం మరిచిపోతున్నదీ దీన్నే. ఎండిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ కనీసం ఏడు రోజులు బతికే ఉంటుంది.

చేయాల్సింది ఇది. వేలిని పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిట్, బ్లీచింగ్ పోయకూడదు. పారే నీళ్ల కింద సబ్బుతో కడగాలి. డ్యూటీ డాక్టరుకు వెంటనే చెప్పాలి. రోగి రక్తాన్ని, గుచ్చుకున్న మనిషి రక్తాన్ని పరీక్షకు పంపాలి. హెచ్‌ఐవీ మందులు అవసరమైతే 2 గంటల్లోపు మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. 28 రోజులు వాడాలి. రోగికి హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వచ్చి (అంటే రక్తంలో హెపటైటిస్ బి ఉందని తేలి), గుచ్చుకున్న వ్యక్తికి టీకా లేకపోతే కిలో బరువుకు 0.06 మిల్లీలీటరు చొప్పున హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) ఇవ్వాలి. వీలైతే 24 గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 7 రోజుల్లోపు. రెండో భుజానికి టీకా మొదటి డోసు వేయాలి.

60 కిలోల మనిషికి 3.6 మిల్లీలీటర్లు కావాలి. ధర వేలల్లో ఉంటుంది. అర్ధరాత్రి ఆసుపత్రి స్టోరులో దొరకదు, స్నేహితులు బండేసుకుని మందుల షాపులన్నీ తిరుగుతారు. టైటర్ కాగితం ఒక్కటి చేతిలో ఉంటే హెపటైటిస్ బికి ఇదేమీ అక్కర్లేదు. ఇల్లంటుకున్నాక బావి తవ్వడానికి పెట్టే ఖర్చు, ముందే తవ్వితే అయ్యే ఖర్చు కంటే ఎప్పుడూ ఎక్కువే.

4. ఇంతవరకూ చెప్పింది డాక్టర్ల ప్రాణం గురించి. ఇప్పుడు వాళ్ల చేతిలో పడే జనం గురించి.

తట్టు సోకిన మనిషి ఒంటి మీద దద్దుర్లు కనిపించడానికి నాలుగు రోజుల ముందే ఇతరులకు అంటించడం మొదలుపెడతాడు. అతను గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా వైరస్ గాలిలో ఉండగలదు. పిల్లల వార్డులో జ్వరంతోనే డ్యూటీ చేసిన హౌస్ సర్జన్‌కు అది తట్టు అని తెలిసేలోపు తొమ్మిది నెలలు నిండని, ఇంకా టీకా పడని పసివాళ్లు ఎంతమంది అతని చేతుల మీదుగా పోయి ఉంటారు? ఆటలమ్మ కూడా అంతే, పొక్కులకు ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. మన ఊళ్లలో అమ్మవారు పోసిందంటే వేపమండలు కట్టి, గడప దాటకుండా ఇంట్లోనే ఉంచుతారు. ఆ పాటి కట్టుబాటు లేబర్ రూములో లేదు. చిన్నప్పుడు ఆటలమ్మ రాని గర్భిణికి నెలలు నిండాక సోకితే తల్లికి న్యుమోనియా, కాన్పు రోజుల్లో సోకితే బిడ్డకు ప్రాణాపాయం. కొండపి నుంచో ఆత్మకూరు నుంచో ఆటోలో, బస్సులో కాన్పుకు వచ్చిన మనిషి ఇంటికి తీసుకుపోవాల్సింది బిడ్డను, మన జబ్బును కాదు.

ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు, కనీసం 28 రోజుల ఎడంతో. ఆటలమ్మ టీకా కూడా రెండు డోసులు, 4 నుంచి 8 వారాల ఎడంతో. రెండూ బతికున్న వైరస్ టీకాలు. గర్భంతో ఉన్నవాళ్లకు వేయకూడదు, వేశాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. పెళ్లయిన పీజీ అమ్మాయిలకు ఈ సంగతి చేరిన రోజునే చెప్పాలి, గర్భం వచ్చాక చెప్పి ఉపయోగం లేదు. ఈ రెండు టీకాలూ ఒకే రోజు వేయవచ్చు. వేర్వేరు రోజుల్లో వేస్తే మధ్య 28 రోజులు ఉండాలి.

5. మిగతావి క్లుప్తంగా. టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి అనే డిఫ్తీరియా టీకా) పదేళ్లకొకసారి. పదహారో ఏట టీటీ (ఒక్క ధనుర్వాతం టీకా) మాత్రమే పడినవాళ్లకు ధనుర్వాతం రక్షణ ఉంటుంది గానీ కంఠసర్పి బూస్టరు పడనట్టే. ఫ్లూ టీకా ఏటా ఒకటి, మన వానాకాలం ఈశాన్య రుతుపవనాలది కనుక సెప్టెంబరులో వేయించడం మేలని మా అభిప్రాయం. రేబిస్ రోగులను చూసేచోట పనిచేసేవాళ్లకు ముందస్తు రేబిస్ టీకా: 0, 7, ఆపైన 21 లేదా 28వ రోజు. అది వేయించుకున్నవాళ్లను తర్వాత కుక్క కరిచినా 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, సీరం అక్కర్లేదు. డబ్బు తక్కువైతే వరస ఇలా పెట్టుకోండి: హెపటైటిస్ బి అందరికీ ముందు, తర్వాత పిల్లల వార్డుకూ లేబర్ రూముకూ వెళ్లేవాళ్లకు ఎంఎంఆర్, ఆటలమ్మ, ఆ తర్వాత మిగతావి.

6. డయాలసిస్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కనిగిరి, పామూరు వైపు నుంచి వారానికి రెండు మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవడానికి వచ్చే కిడ్నీ రోగులకు హెపటైటిస్ బి సోకితే దీర్ఘకాలం నిలిచిపోయే ప్రమాదం మామూలు మనుషుల కంటే చాలా ఎక్కువ. వాళ్లకు టీకా కూడా రెట్టింపు డోసులో వేయాల్సి వస్తుంది, అయినా రక్షణ తక్కువగానే వస్తుంది. అటువంటి గదిలోకి తనకు టీకా పడిందో లేదో తెలియని మనిషిని డ్యూటీకి పంపుతున్నాం.

7. హెపటైటిస్ బి పరీక్ష అంటే విద్యార్థులు ఎందుకు తప్పించుకుంటున్నారో కూడా మీకు తెలియాలి. పాజిటివ్ వస్తే సీటు పోతుందేమో, హాస్టల్లో పళ్లెం వేరు చేస్తారేమో, పెళ్లి సంబంధాలు చెడతాయేమోనని. పాజిటివ్ అని తెలిసినవాడు ఆ సంగతి దాచి, ఊళ్లో పసరు మందు తాగి, చేతికి వాత పెట్టించుకుని వచ్చినా ఆశ్చర్యం లేదు. డాక్టరు చదువు చదివితే భయం పోదు, ధైర్యం చెప్పే ఏర్పాటు ఉంటే పోతుంది. హెపటైటిస్ బి ఉన్నంత మాత్రాన ఎవరూ వైద్యానికి పనికిరాకుండా పోరు. మందులున్నాయి, వైరస్ లోడు (రక్తంలో వైరస్ ఎంతుందో) చూసి ఏ ఆపరేషన్లలో చేయి పెట్టాలో నిర్ణయించే పద్ధతులున్నాయి.

ఇవేవీ కొత్త కోరికలు కావు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే, ఆసుపత్రి వ్యర్థాలను ముట్టుకునే ఆరోగ్య సిబ్బందికీ ఇతరులకూ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించే బాధ్యత ఆసుపత్రి యాజమాన్యానిదే అని ఉంది. చేరినప్పుడు ఒకసారి, తర్వాత కనీసం ఏడాదికొకసారి ఆరోగ్య పరీక్ష చేయించాలనీ ఉంది. "హౌస్ సర్జన్లు సిబ్బంది కారు, విద్యార్థులు" అని మాకు నోటిమాటగా వచ్చిన సమాధానం. సూదిని కట్టర్‌లో తుంచి తెల్ల డబ్బాలో వేసేది హౌస్ సర్జనే కదా, వ్యర్థాన్ని ముట్టుకునే మనిషి కాకుండా ఎట్టా పోతాడు? 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కూడా ఆరోగ్య సిబ్బందికి ఈ టీకాను ఉద్దేశించింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్టుంది వ్యవహారం. చేతకాని పని అందామా అంటే, 2021 జనవరి 16న కోవిడ్ టీకా మొదలైనప్పుడు ముందుగా వేసింది ఆరోగ్య సిబ్బందికే. పేరు, తేదీ, డోసు నంబరు, తర్వాతి డోసుకు ఫోనుకు మెసేజీ, చివర సర్టిఫికెట్, అన్నీ జరిగాయి. ఆ పద్ధతే ఇక్కడా కావాలి.

మేం అడుగుతున్నవి:

1. టీకా హౌస్ సర్జన్సీ మొదలయ్యాక కాదు, ఫస్టియరులో చేరిన నెలలోనే మొదలుపెట్టాలి. ఇంటర్న్‌షిప్ 12 నెలలు. అందులో చేరిన రోజున మొదటి డోసు వేస్తే మూడోది ఆరో నెలకు, టైటర్ ఏడో ఎనిమిదో నెలకు వస్తుంది. అప్పటికి సగానికి పైగా డ్యూటీలు అయిపోతాయి. ఫస్టియరులో వేస్తే క్లినికల్ పోస్టింగులకు ముందే పూర్తవుతుంది. ఇప్పుడు ఉన్న హౌస్ సర్జన్లకు, పీజీలకు వెంటనే వేయాలి.

2. ప్రతి కాలేజీలో దీనికి ఒక బాధ్యుడిని పేరుతో ఆర్డరు ఇచ్చి పెట్టాలి. కమిటీ వద్దు. కమిటీ అంటే ఎవరూ కారు.

3. 150 సీట్ల బ్యాచ్‌కు 450 డోసులు, అంటే 10 మిల్లీలీటర్ల పెద్దల వయల్స్ 45. ఏడాది ఇండెంటులోనే (మందుల కోసం పంపే జాబితాలోనే) ఇది చేర్చాలి. తెరిచిన హెపటైటిస్ బి వయల్‌ను జాతీయ ఓపెన్ వయల్ పాలసీ షరతుల ప్రకారం 28 రోజుల దాకా వాడుకోవచ్చు కనుక పదిమంది పోగయ్యే దాకా ఎవరినీ తిప్పి పంపక్కర్లేదు. ఎంఎంఆర్‌కు ఇది వర్తించదు.

4. టైటర్ పరీక్ష ఆసుపత్రి ల్యాబులోనే ఉచితంగా చేయాలి. ఫలితం ఆ వ్యక్తికి, బాధ్యుడికి మాత్రమే తెలియాలి. హెపటైటిస్ బి ఉందని తేలినా సీటుకూ, హాస్టలుకూ, స్టైపెండుకూ ఏ ఇబ్బందీ ఉండదని నోటీసు బోర్డులో రాసి పెట్టాలి.

5. క్యాజువాల్టీలో 24 గంటలూ తాళం లేకుండా అందే పెట్టె ఒకటి: హెచ్‌ఐవీ మందుల మొదటి డోసులు, ర్యాపిడ్ పరీక్ష కిట్లు, రిపోర్టు ఫారాలు, గోడ మీద తెలుగులో చేయాల్సిన పనుల పట్టిక. ఇమ్యునోగ్లోబులిన్ పక్కనే ఫ్రిజ్‌లో కనీసం ఒక పెద్దమనిషికి సరిపడా. గుచ్చుకున్నందుకు తిట్లు తినాల్సి వస్తే ఎవరూ రిపోర్టు చేయరు, ఈ సంగతి యూనిట్ చీఫ్‌లకు ఒకసారి గట్టిగా చెప్పండి.

6. ఇదే ఏర్పాటు నర్సింగ్ విద్యార్థినులకు, ల్యాబ్ టెక్నీషియన్ శిక్షణలో ఉన్నవాళ్లకు, కాంట్రాక్టు పారిశుధ్య కార్మికులకు వర్తింపజేయాలి. సంచుల్లోంచి సూదులు గుచ్చుకునేది వాళ్లకే ఎక్కువ.

7. పిల్లల టీకాల పట్టిక అడిగే వైవాలోనే ఆరోగ్య సిబ్బంది టీకాలూ అడగాలి. అడిగితే చదువుతారు. ఇది ఖర్చు లేని పని.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో మూడు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు కోరుతున్నాం: బాధ్యుడి పేరు, మొదటి డోసు తేదీ, ఇండెంటు నంబరు. రిజిస్టరు నమూనా ఒక పేజీలో మేమే గీసి ఉంచాం. పేరు, బ్యాచ్, ఫోను, మూడు డోసుల తేదీలు, వయల్ బ్యాచ్ నంబరు, ఏ భుజం, టైటర్ తేదీ, విలువ, తర్వాతి పిలుపు ఎవరు చేయాలి అన్న గడులతో. కావాలంటే ఏ కాలేజీకైనా తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల బోధనాసుపత్రుల్లో పనిచేసిన, పనిచేస్తున్న కొందరు వైద్యులు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు